‘లయ’ – అర్థవిచారము, ప్రయోగవిచారము

సంగీతశాస్త్రమునుండి సాహిత్యవిమర్శలోనికి వచ్చి స్థిరపడిన పదములలో ‘లయ’ యొకటి. కవితను గూర్చి నాలుగు వాక్యములు వ్రాయువారెవ్వరును ఈ పదమును విడిచిపెట్టుట లేదు. అయినను దాని యర్థ మిదియని నిలిపి చెప్పుమన్నచో మనలో పెక్కుమంది తడబడుదురు. మేమును అట్లు తడబడినవారమే. ఈ వ్యాసమునకు ప్రేరణమైన చిన్న సన్నివేశమును ముందుగా చెప్పుట యుచితము.

హైదరాబాదు పాతబస్తీలో సైదాబాదు, చంపాపేటల పొరుగున నున్న సంతోష్‌నగర్‌లో మా మిత్రులొకరి యింట ఒక సాయంకాలము పాట సాధన జరుగుచుండెను. పాడుచున్నది ఆ యింటి యమ్మాయి. ఏడెనిమిదేండ్లు కర్ణాటకసంగీతము నేర్చినది. క్షేత్రయ్య పదమొకటి యెత్తుకొన్నది. మృదంగము వాయించువారు ఆనాడు రాలేదు. వీధి కావలనున్న వృద్ధులైన తబలా ఉస్తాదుగారు స్నేహభావముతో వచ్చి కూర్చుండిరి. రెండావర్తములు గడచినవో లేదో ఆయన చేయి నిలిపి, ‘లయ్ కమ్ హై, బేటీ’ అనిరి. ఆ పిల్ల ముఖము వాడిపోయినది. ‘నాకు లయ తక్కువన్నారు, మాస్టారూ’ అని మాతో చెప్పి లోపలికి వెళ్లిపోయినది. ఆయన చెప్పినది పాట వేగము తక్కువగా నున్నదని. ఆమెకు వినబడినది తనకు లయజ్ఞానము కొరవడినదని. ఉస్తాదుగారు కలవరపడి, తానన్నదానిలో తప్పేమున్నదని మమ్మడిగిరి. ఏడెనిమిదేండ్ల సాధన చేసిన పిల్లతో లయ తక్కువ యనుట మన వాడుకలో ఎంత పెద్దమాటయో ఆయనకు తెలియదు; వేగము కొంచెము పెంచుమనుట ఆయన వాడుకలో ఎంత చిన్నమాటయో ఆమెకు తెలియదు. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. ఇరువురిలో ఎవరి యర్థము సరియైనది? ఒకరిది మూలార్థమును, మరియొకరిది అపార్థమును అగునా?

ఈ ప్రశ్నకు సమాధానము శాస్త్రగ్రంథములందు వెదకవలెను. భరతుడు నాట్యశాస్త్రమందలి తాళాధ్యాయమున ద్రుతము, మధ్యము, విలంబితము అని మూడు లయలు చెప్పెను. ఇక్కడ లయ వేగమునకు సంబంధించినదే యనుటలో సందేహము లేదు. కాని ఆ వేగమును ఎట్లు కొలుచుట? పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువులో సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుని నిర్వచనము మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. తాళమును చూపుటకు చేతితో చేయు చప్పుడునకు గాని, చప్పుడు లేని కదలికకు గాని క్రియ యని పేరు. ఒక క్రియ ముగిసిన పిమ్మట కలుగు విశ్రాంతియే లయ యని ఆయన చెప్పెను. ఆ విశ్రాంతి అతిస్వల్పమైనచో ద్రుతము. దానికి రెట్టింపు మధ్యము. దానికి రెట్టింపు విలంబితము.

ఈ నిర్వచనమును చదువునపుడు ఒక్క క్షణ మాగవలసియున్నది. వేగమనగా మనము సాధారణముగా చలనమును తలంతుము. శార్ఙ్గదేవుడు చలనము పేరెత్తలేదు. రెండు క్రియల నడుమ ఏమియు జరుగని కాలమునకు ఆయన లయ యని పేరు పెట్టెను. ఆ ఖాళీ తగ్గినచో వేగము, పెరిగినచో నిదానము. వాయించువాని చేయి ఎంత త్వరగా కదలుచున్నదన్న ప్రశ్న యిక్కడ లేదు. ఎంతసేపు ఆగుచున్నదన్నదే ప్రశ్న. విలంబితమున పాడుట కష్టమని గాయకులు చెప్పుటకు కారణ మిదియే. ఆగిన కాలమును మోయుట అడుగు వేయుటకంటె బరువైన పని.

మరియొక విశేషము. కాలమునకు ప్రమాణమైన మాత్రను శార్ఙ్గదేవుడు ఏ నీటిగడియారముతోను కొలువలేదు. ఐదు లఘ్వక్షరములను పలుకుటకు పట్టు కాలము మాత్ర యనెను. అనగా సంగీతమందలి వేగమునకు ఆధారము నోటి పలుకు. ఛందస్సున ఒక లఘువు ఒక మాత్ర. సంగీతమున అట్టి ఐదు లఘువులు ఒక మాత్ర. రెండు శాస్త్రములకును కొలపాత్ర అక్షరమే. తెలుగు శాఖవారికి సంగీతపు మాటతో పనియేమి యని యడుగువారికి ఇంతకుమించిన సమాధానము వలదు. ఈ శాస్త్రము తెలుగుదేశమునకు దూరపుదియు కాదు. అదే శతాబ్దమున ఓరుగంటిలో గణపతిదేవుని గజసాహిణి యైన జాయపసేనాని 1253–54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణమున రాగముల, తాళముల, వాద్యముల పేళ్లను ద్విపదలో రాశిపోసెను.

ఇక అమరకోశము. నాట్యవర్గమున అమరసింహుడు విలంబితమునకు తత్త్వమనియు, ద్రుతమునకు ఓఘమనియు, మధ్యమునకు ఘనమనియు పేళ్లు చెప్పెను. వేగమైనదానికి వెల్లువ యని పేరు. ఎంత చక్కని పేరు! ఆ వెంటనే తాళమును కాలక్రియల మానముగా చెప్పి, లయను సామ్యముగా చెప్పెను. గీతము, వాద్యము, అడుగు, క్రియ, కాలము ఇవి యొండొంటితో సరిపోవుటయే ఆ సామ్యమని వ్యాఖ్యాతల వివరణము. కావున అమరుని దృష్టిలో లయ యనునది వేగము పేరు కాదు. వేగములు వేరు, వాని పేళ్లు వేరు. లయ పొందిక పేరు.

ఇప్పుడు సంతోష్‌నగర్ సన్నివేశమును మరల చూతము. ఉస్తాదుగారు రత్నాకరపు లయను పలికిరి. ఆ పిల్ల అమరుని లయను విన్నది. ఇరువురి యర్థములును ప్రాచీనములే. ఇరువురును తమ తమ సంప్రదాయమునకు లోబడినవారే. హిందుస్తానీ సంగీతమున ఈ పదము ‘లయ్’ అను రూపమున వేగార్థమును చెదరకుండ నిలుపుకొన్నది. విలంబిత్ లయ్, మధ్య్ లయ్, ద్రుత్ లయ్ అనుట అక్కడి నిత్యవ్యవహారము. ఒక వేగమును ఆధారముగా నుంచుకొని దానికి రెట్టింపు దుగున్, మూడింతలు తిగున్, నాలుగింతలు చౌగున్ అని చేయు విన్యాసమునకు లయకారీ యని పేరు. అదియు వేగముల నిష్పత్తియే గాని వేరు కాదు.

తెలుగున అట్లు జరుగలేదు. మన ప్రాంతమున బాలురు అమరమును వల్లించిన తరువాతనే కావ్యములను ముట్టెడివారు. లింగాభట్టీయమువంటి వ్యాఖ్యలు దాని యర్థమును ఇంటింటికి తెచ్చినవి. సంగీతరత్నాకరము పండితుల పెట్టెలలో నుండిపోయినది. సామ్యార్థము తెలుగున గెలిచినదానికి ఇది ముఖ్యకారణమని మా యభిప్రాయము. శ్రుతి తల్లి, లయ తండ్రి యను నానుడిలో గాని, ‘లయ తప్పినాడు’ అను వాడుకలో గాని వేగప్రసక్తి లేదు. లయ తప్పినవాడు వేగముగా పాడినవాడు కాడు; పొందిక చెడిన వాడు. 1987లో వచ్చిన ‘శ్రుతిలయలు’ చలనచిత్రము పేరు విని వేగమును తలంచిన తెలుగువా డొక్కడుండడు.

ఒక పదము తన స్థానమును విడిచినపుడు ఆ స్థానము ఊరక యుండదు. మన సంగీతవిద్వాంసులు వేగమునకు ‘కాలము’ అను పదమును తెచ్చుకొనిరి. మొదటి కాలము, రెండవ కాలము, మూడవ కాలము అని అలంకారములను పిల్లలకు నేర్పుదురు. పాట పొడుగునను నిలిచియుండవలసిన వేగమునకు కాలప్రమాణమనిరి. వ్యాకరణమున భూతభవిష్యద్వర్తమానములకు అదే పేరుండుటచే మన విద్యార్థులు కొంత చిక్కుపడుచుందురు గాని, చిక్కులకు ఈ ఒక్కటియే చాలదు. నిదానమైనదానికి ‘చౌకము’ అని పేరు. చౌకవర్ణమును గూర్చి వ్రాయుమన్నచో, తక్కువ శ్రమతో పాడదగిన వర్ణమని మా విద్యార్థి యొకడు వ్రాసెను. నిజమునకు శ్రమ యెక్కువైనది అదియే.

‘ద్రుతము’ చరిత్ర యింకను విచిత్రమైనది. సంగీతమున అది ఒక వేగము. తాళశాస్త్రమున అది ఒక అంగము, లఘువులో సగము. ఆదితాళమున నాలుగక్షరముల లఘువు వెంట రెండేసి యక్షరముల ద్రుతములు రెండు వచ్చును. వ్యాకరణమున అది నకారము. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి వాడిన ఈ సంజ్ఞ తెలియని తెలుగు విద్యార్థి లేడు. ఒకే విద్యార్థి ఉదయము తరగతిలో నకారమును, సాయంత్రము పాఠమున రెండక్షరముల అంగమును, రాత్రి కచేరిలో ఒక వేగమును ద్రుతమను పేరుతోనే వినవచ్చును. సంస్కృతమున ద్రు ధాతువునకు పరుగెత్తుట, కరగుట అని రెండర్థములున్నవి. తెలుగు నకారము సందర్భమునుబట్టి లోపించును, పరమందలి హల్లుతో కలిసిపోవును. కరగుట యను నర్థము దానికి చక్కగా అతుకును. లయ పదమునకు మూలమైన లీ ధాతువునకును అంటుకొనుట, కరగి కలిసిపోవుట అర్థములు. ప్రళయము, విలయము దాని సంతతివే. కావున ‘ద్రుతలయ’ యన్న సమాసమున రెండు పదములును కరగుటనే చెప్పుచున్నవి. సామ్యమన్న అమరుని యర్థమునకును ఈ ధాతువు దూరము కాదు. పాట వాద్యమున లీనమైనపుడే గదా పొందిక!

ఇదే ద్రుతము మన గాయకుల నోట ‘దురితము’ అయినది. దురితకాలమని నేటికిని చెప్పుచున్నారు. దురితమన్నచో సంస్కృతమున పాపము. ఇది యుచ్చారణసౌకర్యముచే వచ్చిన రూపమని తెలిసియు, విలంబితమును శ్రేష్ఠముగా ఎంచు పెద్దలు ఈ రూపమును దిద్దక యుపేక్షించిరేమోయని మాకు అప్పుడప్పుడు నవ్వు వచ్చును. విలంబము మాత్రము ‘విళంబము’గా మారి అర్థమును కాపాడుకొన్నది. 2018 ఉగాదికి వచ్చిన సంవత్సరము పేరు విళంబి. ఆ ఏడాది పనులన్నియు ఆలస్యమగునని జోస్యులు మాత్రము చెప్పలేదు.

సంస్కృతపదములను ఇట్లుంచి, అచ్చతెలుగున వేగమునకు పేరేమి? ‘వడి’. వడిగా నడచెను, వడివడిగా పలికెను అని నేటికిని అందుము. నూలునకు ఎక్కించు పురియు వడియే. ఇక ఛందశ్శాస్త్రమున యతికి వడి యనియు, వళి యనియు పేళ్లు. పద్యపాదమున విరామస్థానమునకును, అక్కడ పాటింపవలసిన అక్షరమైత్రికిని ఇది పేరు. వేగమునకును విరామమునకును భాష ఒకే శబ్దము నిచ్చినది. ఛందస్సులోని వడి ‘వళి’ రూపాంతరమే యనుట న్యాయము. మడత యను నర్థముగల వళితో దానికి చుట్టరికము చెప్పుట సులభము. కావున రెండు వడులును ఒకే మూలమున పుట్టినవని మేము వాదింపబోము. కాని ధ్వని ఒకటైనపుడు అర్థములు పరస్పరము చూచుకొనక మానవు. క్రియ తరువాతి విశ్రాంతియే వేగమన్న శార్ఙ్గదేవుని మాటకు తెలుగు నిఘంటువు తనకు తెలియకయే సాక్ష్యము పలికినట్లున్నది.

ఈ పోలిక మరియొక మెట్టు పైకి పోవును. సంగీతమునందును యతి యున్నది. కాలము, మార్గము, క్రియ, అంగము, గ్రహము, జాతి, కళ, లయ, యతి, ప్రస్తారము అను తాళదశప్రాణములలో లయ వెంటనే యతి వచ్చుట యాదృచ్ఛికము కాదు. లయ నడచు క్రమమునకు నియమమే యతి. మొదటినుండి తుదివరకు ఒకే లయ యైనచో సమయతి. విలంబితముతో నారంభించి ద్రుతముతో ముగిసినచో ఏరు పారినట్లు స్రోతోగత. ద్రుతముతో నారంభించి విలంబితమునకు దిగినచో గోపుచ్ఛము. పిమ్మటివారు ఈ యాకారములను వేగముతో గాక పలుకుల నిడివితోనే చూపిరి. ముత్తుస్వామి దీక్షితులు ఆనందభైరవిలో కూర్చిన ‘త్యాగరాజ యోగవైభవం’ కృతిలో పదములోని అక్షరములు మొదటినుండి తరుగుచు పోవుట సంగీతవిద్యార్థు లందరికిని తెలిసినదే. అక్కడ తోక సన్నగిలినది సాహిత్యమున. లయను అక్షరములలో చూపవచ్చునని దీనివలన స్పష్టము. సాహిత్యవిమర్శకునకు కావలసిన ఆధారము ఇదియే. దీనికి మరల వత్తుము.

వేగమును నడకతో పోల్చి చెప్పుట మన ఛందోవేత్తలకు ఇష్టము. నవవిధ రగడల పేళ్లు చూడుడు: హయప్రచారము, తురగవల్గనము, ద్విరదగతి, వృషభగతి. ఒక జంతుశాలయే కనబడును. ఇందు మొదటి రెండును ఒకే గతివి. మూడేసి మాత్రల గణములు పాదమునకు నాలుగైనచో హయప్రచారము, గుఱ్ఱము నడచినది. అవి యెనిమిదైనచో తురగవల్గనము, గుఱ్ఱము దుమికినది. గణము మారలేదు, మాత్ర మారలేదు, పాదము మాత్రము రెట్టింపైనది. మరి దుముకు ఎక్కడనుండి వచ్చినది? ఒకే తాళావర్తమున పాదమును ముగింపవలెనన్నచో, రెట్టింపు పాదమునకు రెట్టింపు వడి కావలెను. ఇది రెండవ కాలము తప్ప వేరు కాదు. రగడలు పాడబడినవని మనము పుస్తకములలో చదువుదుము. ఈ పేళ్లు ఆ మాటను బలపరచుచున్నవని మా తలంపు.

ఐరోపా సంగీతమునను ఈ యలవాటున్నది. అక్కడ వేగమునకు వాడు ‘టెంపో’ ఇటాలియను భాషలో కాలమని యర్థమిచ్చును. మన ‘కాలము’ వంటిదే. ‘అందాంతే’ యనగా నడచుచున్నట్టిది, ‘అల్లెగ్రో’ యనగా ఉల్లాసమైనది, ‘లార్గో’ యనగా విశాలమైనది. 1815లో మెల్జెల్ మెట్రొనోము యంత్రమునకు హక్కు పొందిన పిమ్మట నిమిషమునకు ఇన్ని దెబ్బలని సంఖ్య వ్రాయు పద్ధతి వచ్చినది. 1817లో బీథోవెన్ తన సింఫనీలకు ఆ సంఖ్యలను ప్రకటించెను. మన సంగీతము సంఖ్యను కోరలేదు. ఈ పాట వేగము ఆ క్షణమున గాయకుడు ఎత్తుకొన్నదానిని బట్టి యుండును. నియమమంతయు దానికి రెట్టింపెంత, సగమెంత యన్న నిష్పత్తిలోనే యున్నది. ఉస్తాదుగారును ఆ పిల్లయు గడియారము చూచి వాదింపలేదు. ఒకే పాట ఎత్తుబడిలో ఇరువురి చెవులకు భేదము వచ్చినది.

శాస్త్రమును ఎరుగనివారు వేగమును ఏమందురన్న ప్రశ్నకు సమాధానము సంతోష్‌నగర్ వీధులలోనే దొరకినది. ఆ ప్రాంతమునకు దక్షిణమున బార్కస్ కలదు. నిజాము సైన్యమున చేరిన హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల బారకులే ఆ పేరునకు మూలము. నగరమున మరియొక దిక్కున ఏ.సి. గార్డ్స్ ఆఫ్రికా ఆశ్వికదళమును స్మరింపజేయును. ఈ సైనికులతో వచ్చిన మర్ఫా వాద్యము నేడు పాతబస్తీ పెండ్లి ఊరేగింపులలో మతభేదము లేక మ్రోగుచున్నది. అందు ప్రసిద్ధమైన దరువునకు ‘తీన్‌మార్’ అని పేరు. ఉర్దూలో తీన్ అనగా మూడు, మార్ అనగా దెబ్బ. పేరు చెప్పుచున్నది దెబ్బల లెక్కను. వినువారు గ్రహించుచున్నది అడుగు నిలువనీయని వేగమును. తెలుగువారు ఈ పదమును అట్లే తీసికొనిరి. 2011లో ఒక తెలుగు చలనచిత్రమునకు ఇదియే పేరైనది. క్రియకు పేరు పెట్టి, నడిమి విశ్రాంతిని శ్రోత యూహకు వదలుట యనగా ఇదియే. శార్ఙ్గదేవుడు విశ్రాంతికి పేరు పెట్టెను. వీధివారు దెబ్బకు పేరు పెట్టిరి. వస్తు వొక్కటియే.

ఆషాఢమున లాల్‌దర్వాజ బోనాలనాడు డప్పు వాయించువారిని చూచితిమి. పోతురాజు నిదానముగా కదలునంతవరకు దెబ్బల నడుమ ఎడమున్నది. ఊరేగింపు గుడి సమీపించుకొలదియు ఆ యెడము తరిగినది. గుంపులోనివారు కోరినది ‘లయ’ను కాదు, ‘జోరు’ను. ఈ మాట పారసీకపు ‘జోర్’, బలమని యర్థము. తెలుగున బలము వేగమైనది. డప్పు మ్రోగినపుడు బిగ్గరయగుట, త్వరయగుట విడదీయరానివి గనుక ఈ యర్థపరిణామము సహజము. ‘దరువు’ మాత్రము మన యక్షగానమునుండి వచ్చినది; ధ్రువ యను సంస్కృతపదము పాటగా మారి, పాటనుండి దెబ్బగా మారినది. శాస్త్రపదము వీధికి, వీధిపదము పాటకు ఇట్లు రాకపోకలు చేయుట భాషకు కొత్త కాదు.

ఇక సాహిత్యవిమర్శ. సిద్ధాంతవ్యాసములను పరీక్షించు సందర్భమున మేము పదేపదే చదువు మాటలు కొన్ని కలవు: ‘ఈ కవితలో లయాత్మకత కలదు’, ‘వేగవంతమైన లయ కలదు’, ‘అంతర్లయ కలదు’. వీనికి ఉదాహరణమిమ్మన్నచో కవితనే మరల ఎత్తి వ్రాయుదురు. తీపికి నిదర్శనము బెల్లమే యన్నట్లు! ఇది విద్యార్థుల దోషము కాదు. పదమును సామ్యార్థమున తీసికొందుమా, విశ్రాంత్యర్థమున తీసికొందుమా యని వారికి మనము చెప్పియుండలేదు.

మొదట గతిని లయనుండి వేరు చేయవలెను. గురజాడ ముత్యాలసరమున మూడు నాలుగు మాత్రల గణములు వరుసగా వచ్చును. అది మిశ్రగతి. ఆ సరమును మెల్లగా చదివినను వేగముగా చదివినను మూడును నాలుగును మారవు. కావున ముత్యాలసరము వేగవంతమైన లయ గలదనుట అర్థము లేని మాట. గతి కవి యిచ్చినది. లయ చదువరి చేతిలోనిది.

అట్లయినచో ఛందస్సు వేగమును ఏమాత్రమును శాసింపదా? శాసించును. ఉత్పలమాలను చంపకమాలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఉత్పలమాల పాదమున ఇరువదియక్షరములు, చంపకమాల పాదమున ఇరువదియొకటి. మాత్రలు లెక్కించినచో రెంటికిని ఇరువదియెనిమిదే. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టినచో చంపకమాల యగును. తక్కిన పాదమంతయు ఒక్కటియే. యతి ఒకదానిలో పదవ యక్షరమున, మరొకదానిలో పదునొకండవ యక్షరమున నుండుటచే భేదమున్నట్లు తోచును గాని, రెంటను అది పండ్రెండు మాత్రలు గడచిన పిమ్మటనే పడును. కాలము సమానము, విరామము సమానము. చంపకమాల మొదట ఒక పలుకు అధికము. ఒకే యెడమున ఒక దెబ్బ యెక్కువ పడినది. అందుచేతనే ఉత్పలమాల నిలిచి యెత్తుకొనును, చంపకమాల దూకి యెత్తుకొనును. శార్దూలమునకును మత్తేభమునకును గల భేదము అచ్చముగా ఇట్టిదే. అక్కడ మాత్రలు ముప్పది, యతి పదునెనిమిది మాత్రల తరువాత. నన్నయనుండి నేటివరకు కవులు ఏ సందర్భమున దేనిని ఎత్తుకొనిరో పరిశీలించువారికి ఇందొక పరిశోధనాంశమున్నది. చూపదగిన లయ యనగా ఇట్టిది. వ్రేలు పెట్టి, ఇచ్చట ఒక దెబ్బ పెరిగినదని చెప్పగలిగినప్పుడే లయను గూర్చి మాటాడినట్లు.

వచనకవిత విషయమున చిక్కు పెద్దది. 1958లో కుందుర్తి ఆంజనేయులుగారు హైదరాబాదున ఫ్రీవర్స్ ఫ్రంటును స్థాపించిన నాటినుండి, ఛందస్సును విడిచిన కవితకు లయ యున్నదా యన్న చర్చ సాగుచునే యున్నది. చేకూరి రామారావుగారు వచనపద్యపు లక్షణమును విచారించి ఆ చర్చను శాస్త్రమార్గమునకు తెచ్చిరి. ఈ చర్చలలో ‘అంతర్లయ’ యను పదము ఉభయపక్షములకును ఆశ్రయమైనది. ఉన్నదనువారు దానిని చూపలేదు. లేదనువారు దానిని వెదకలేదు. మా దృష్టిలో అంతర్లయ యన్న సమాసమే సందేహాస్పదము. క్రియ లేనిదే విశ్రాంతి లేదు; క్రియ వినబడక లోపల నుండిపోయినచో విశ్రాంతి ఎచ్చటిది?

కాని వచనకవితలో క్రియ లేకపోలేదు. పంక్తి విరుపే క్రియ. ఒక పంక్తి ముగిసి మరియొక పంక్తి మొదలగువరకు గల కాలమే అక్కడి లయ. పంక్తులు వరుసగా కురుచనగుచు పోయినచో విరుపులు దగ్గరపడును, స్రోతోగత యగును. నిడివి పెరుగుచు పోయినచో గోపుచ్ఛము. దీక్షితులు పదములోని అక్షరములతో చేసిన పనినే వచనకవి పంక్తులతో చేయుచున్నాడు. ఒక సంపుటిలోని కవితలను తీసికొని పంక్తినిడివిని అక్షరములలో లెక్కించి, అర్థవిరామము ఎక్కడ పడినది, పంక్తివిరామము ఎక్కడ పడినదని గుర్తించినచో, ఆ కవి వేగమును గూర్చి నాలుగు నిలుకడగల మాటలు చెప్పవచ్చును. అర్థవిరామమును పంక్తివిరామమును ఒకచోటనే పడినచో అమరుని సామ్యము సిద్ధించును. అవి విడిపోయినచో చదువరి తడబడును. ఆ తడబాటు కవి కోరినదో, కవికి తెలియక వచ్చినదో తేల్చుట విమర్శకుని పని.

ఈ లెక్కకు ఆక్షేపణ రాకపోదు. కవితను తూకమునకు వేయుదురా యని మా సహోద్యోగులొకరు ఇదివరకే మమ్ము మందలించిరి. తూకము వేయుటకు భయపడిన మాటను సిద్ధాంతవ్యాసమున వాడకుండుటయే మేలని వారికి మేము విన్నవించితిమి. ‘హృద్యముగా నున్నది’ అని వ్రాయుటకు ఎవ్వరి యనుమతియు అక్కరలేదు. లయ యన్నది మాత్రము కొలతకు పుట్టిన పదము. ఐదు లఘువులు పలికి చూచి నిర్ణయించిన పదము. నిఘంటుకారులు దీని క్రింద సామ్యము, వేగము అని రెండర్థములను వేరువేరుగా చూపి, మొదటిది తెలుగు వ్యవహారమనియు, రెండవది శాస్త్రమందును హిందుస్తానీ సంప్రదాయమందును గలదనియు గుర్తించినచో మా విద్యార్థులకు ఎంతయో మేలు.

సంతోష్‌నగర్‌లోని ఆ సాధన మరుసటి వారము కొనసాగినది. ఉస్తాదుగారితో మేము అమరుని మాట చెప్పితిమి. ఆ పిల్లతో రత్నాకరపు మాట చెప్పితిమి. ఆమె పదమును మొదటి యెత్తుబడికంటె ఏమాత్రము వడి పెంచక పాడినది. ఆయన ఈసారి అడ్డు చెప్పక విలంబితమున వెంట నడచి, చరణమున ఒకచోట దుగున్ వాయించి, సమమునకు వచ్చి చేయి నిలిపిరి. ‘దుగున్ అచ్ఛా లగా, బేటీ?’ అని యడిగిరి. ‘రెండవ కాలము బాగున్నది, ఉస్తాద్‌జీ’ అని ఆ పిల్ల చెప్పినది.